చేత్తో చేసినదానికి ఫినిషింగ్ లేదట

నిన్న సాయంత్రం నాలుగున్నర గంటలకు, మా అమ్మాయి నాలుగు రోజులు కష్టపడి చేసిన కాగితపు గిన్నెలో ఎవరో తాగేసిన టీ కప్పు పడేశారు. ఒకటి కాదు, మూడు. అందులో ఒకదానిలో ఇంకా రెండు గుక్కల టీ మిగిలి ఉంది. ఆ టీ గిన్నె అడుగుకు ఇంకి, తెల్లరంగు ముగ్గు మీదుగా గోధుమరంగు మరక పాకుతూ పోవడం నేను కళ్లారా చూశాను. ఇది జరిగింది టీ కొట్టు దగ్గర కాదు, విశాఖపట్నంలోని ఒక పాఠశాల నిర్వహించిన చేతిపనుల ప్రదర్శనలో. పాఠశాల పేరు చెప్పను, మా అమ్మాయి అక్కడ ఇంకా ఆరేళ్లు చదవాలి.

కప్పులు ఏరడానికి వచ్చిన ఆయా నా ముఖం చూసి భయపడి, "ఇదేటమ్మా, చెత్తబుట్ట కాదేటి?" అని అడిగింది. పాపం, ఆమె తప్పేమీ లేదు. ఆ గిన్నెను బల్ల మీద కాకుండా, బల్ల కాలి పక్కన నేల మీద పెట్టిన వారిది తప్పు. ఆయా తన కొంగుతో ఆ టీ తుడిచి, రెండు చేతులతో గిన్నెను పట్టుకుని నాకు ఇచ్చింది. అక్కడ ఉన్న టీచర్లలో, అతిథులలో, సెల్ఫీలు తీసుకుంటున్న తల్లిదండ్రులలో ఆ వస్తువును రెండు చేతులతో పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఇంతకూ మొదటి బహుమతి దేనికి వచ్చిందో చెప్పాలి కదా. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌కు. థర్మాకోల్ కొండ, థర్మాకోల్ దీపస్తంభం, నీలం జిగినీ కాగితంతో సముద్రం, పైన బ్యాటరీతో వెలిగి ఆరే చిన్న బల్బు. చూడముచ్చటగానే ఉంది, కాదనను. కానీ సరిగ్గా అదే కొండ, అదే బల్బు, అదే నీలం సముద్రం రెండు వారాల క్రితం నేను రంగు పెన్సిళ్లు కొన్న స్టేషనరీ దుకాణంలో గాజు అర వెనుక ఆరువందల యాభై రూపాయల చీటీతో కూర్చుని ఉన్నాయి. అట్టముక్క మీద పిల్లవాడి పేరు రాసే చోటు కూడా దుకాణదారుడే ఖాళీగా వదిలిపెట్టాడు. ఆ మాత్రం సౌకర్యం కల్పించకపోతే వ్యాపారం ఎలా సాగుతుంది?

అలంకరణకు వాడే థర్మాకోల్‌ను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో స్ట్రాలు, బెలూన్ పుల్లలతో పాటు అది కూడా ఉంది. ఈ సంగతి ఆ హాలు గోడ మీద పిల్లలే వేసిన "ప్లాస్టిక్ వద్దు" బొమ్మకు తెలుసు, దాని కిందే బహుమతి అందించిన వారికి మాత్రం తెలియదు.

రెండో బహుమతి కథ ఇంకా ముచ్చటైనది. అది నున్నగా, పసుపు, ఎరుపు రంగుల్లో మెరుస్తున్న ఒక లక్క బొమ్మ. కింద అట్ట మీద "తయారు చేసినది" అని ఒక మూడో తరగతి చిరంజీవి పేరు రాసి ఉంది. మిత్రులారా, అది ఏటికొప్పాక బొమ్మ! మన నగరానికి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరిలో, అంకుడు కర్రను లేతు మిషను మీద తిప్పి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనించి, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకునేలా చేసి తయారు చేస్తారు దానిని. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కళలో సహజ రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీలో ఊరేగినవి ఆ బొమ్మలే. ఇంత చరిత్ర ఉన్న పనిని ఒక మూడో తరగతి పిల్లవాడు అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, బహుశా వంటగదిలో గ్రైండరు పక్కన, లేతు మిషను బిగించుకుని, కింది ఇంటివారికి చప్పుడు కూడా వినపడకుండా పూర్తి చేశాడన్నమాట. అలాంటి మేధావికి రెండో బహుమతితో సరిపెట్టడం అన్యాయమని నా మనవి.

ఆ బొమ్మ చేసిన అసలు మనిషి చేతులు లక్క వేడికి ఎన్నిసార్లు చురుక్కుమని ఉంటాయో! ఆయన పేరు ఉండవలసిన చోట ఇంకొకరి పేరు రాశారు. బజారులో కొన్నప్పుడు ఆ తల్లి కచ్చితంగా బేరం కూడా ఆడి ఉంటుంది.

ఇక మా గిన్నె సంగతి. పిల్లలు ఇంట్లో ఉన్న వస్తువులతో ఏదైనా చేసి తీసుకురావాలని పాఠశాల చీటీ పంపింది. నేను ఆ మాటను యథాతథంగా నమ్మాను, అదే నేను చేసిన పొరపాటు. అనకాపల్లిలో ఉన్న మా అమ్మకు ఫోను చేస్తే, తన చిన్నతనంలో ఇంట్లో పాత కాగితాలతో బుట్టలు మెత్తే పద్ధతి చెప్పింది. వారం రోజుల దినపత్రికలను చించి రెండు రాత్రులు నీళ్లలో నానబెట్టాం. పేపరును పైనుంచి కిందికి చించితే గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుందని, అడ్డంగా చించితే వంకరపోతుందని మా అమ్మాయి తనంతట తానే కనిపెట్టి, ఆ రోజంతా వచ్చినవారికీ పోయినవారికీ చించి చూపించింది. నానిన కాగితాన్ని గుప్పెడు గుప్పెడు చొప్పున, నీళ్లు ఎక్కువగా పోసి మిక్సీలో తిప్పి, గుడ్డలో వేసి పిండాం. (మిక్సీ మోటారు వేడెక్కిందని మా వారు మధ్యలో ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఆయన ఈ ప్రాజెక్టుకు చేసిన సేవ అదొక్కటే.) పెద్ద గ్లాసుడు గుజ్జుకు రెండు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి కలపాలి. మెంతుల జిగురే కాగితాన్ని పట్టి ఉంచుతుంది, పైగా ఆ చేదుకు పురుగులు దరిచేరవంటుంది అమ్మ. ఫెవికాల్ డబ్బా మూత తీయవలసిన అవసరమే రాలేదు.

స్టీలు గిన్నెను బోర్లించి, దాని మీద పాత కవరు తొడిగి, అర అంగుళం మందాన గుజ్జును వేళ్లతో ఒత్తుకుంటూ మెత్తాలి. అసలు పరీక్ష అక్కడినుంచే మొదలవుతుంది. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్లో అప్పడాలే మెత్తబడిపోతాయి, ఇక తడి కాగితం ఎంతకని ఆరుతుంది? మేడ మీద ఎండలో పెట్టడం, మబ్బు పట్టగానే పరిగెత్తి తేవడం, మళ్లీ పెట్టడం. రెండో రోజు సగం గట్టిపడగానే అచ్చు నుంచి తీసేయాలి, లేకపోతే ఆరుతున్న కొద్దీ గుజ్జు కుంచించుకుని, లోపల స్టీలు గిన్నె కదలదు కనుక, పగుళ్లు పడతాయి. మేము కొంచెం ఆలస్యం చేశాం, అంచు దగ్గర వేలెడంత పగులు వచ్చింది. మా అమ్మాయి ఏడవలేదు. మిగిలిన గుజ్జును ఆ పగులులో కూరి, బొటనవేలితో నొక్కింది. ఆ వేలిముద్ర అలాగే ఆరిపోయింది. ఇప్పటికీ ఆ అంచును తడిమితే, తొమ్మిదేళ్ల పిల్ల బొటనవేలు పట్టేంత గుంట చేతికి తగులుతుంది. పైన జేగురు రంగు పూసి, తెల్లరంగుతో నాలుగు చుక్కల ముగ్గు వేసింది. ఒక చుక్క తప్పింది. నేను సరిదిద్దబోతే నా చేయి పక్కకు తోసేసింది.

ముఖ్య అతిథిగారు ఆ గిన్నె దగ్గర ఆగి, మెంతుల వాసనకు ముక్కు కొంచెం ముడిచి, "ఐడియా బాగుంది కానీ ఫినిషింగ్ లేదు" అన్నారు. ఫినిషింగ్! నాలుగో తరగతి పిల్ల చేసిన గిన్నెకు ఫినిషింగ్ కావాలట. ఫినిషింగ్ కావాలంటే ఫ్యాక్టరీకి వెళ్లాలి కానీ నాలుగో తరగతి 'బి' సెక్షనుకు ఎందుకు రావాలి? ఆయన ముందుకు కదిలాక, బల్ల మీద లైట్‌హౌస్ వైరుకు చోటు చాలలేదని ఒక టీచరు ఆ గిన్నెను తీసి కింద పెట్టారు. ఆ తరువాత టీలు వచ్చాయి.

తప్పంతా పాఠశాలదే అనను, రీల్సు చూసి చెడిపోయిన మనందరిదీ. వీడియోలో పది సెకన్లకు ఒక గవ్వల అద్దం తయారైపోతుంది. బీచిలో ఏరిన గవ్వలను ఒక రాత్రి మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించి, ఆరబెట్టిన తరువాతే జిగురు పెట్టాలని, లేకపోతే పది రోజులకు ఒక్కొక్కటే రాలిపోతాయని ఆ వీడియోలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే రాలే సమయానికి వారు ఇంకొక వీడియోలో ఉంటారు. పిల్లల చేతికి వేడి గ్లూ గన్ ఇచ్చి, రెప్పపాటులో అయిపోయిందని చప్పట్లు కొట్టే తల్లులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాలిన వేలు మానడానికి మాత్రం రెప్పపాటు చాలదు.

ఈ ఫినిషింగ్ అనే మాట నాకు కొత్త కాదు, అందుకే నిన్నటి నుంచి నిద్ర పట్టడం లేదు. 2011లో నా పెళ్లికి మా అమ్మ సారె పెట్టడానికి తొమ్మిది వైరు బుట్టలు అల్లింది. మెరూన్, మీగడ రంగు వైర్లు పూర్ణా మార్కెట్ నుంచి కట్టలు కట్టలుగా తెప్పించుకుని, మూడు నెలలు సాయంత్రం పూట గుమ్మంలో కూర్చుని ఒక్కొక్క ముడీ బిగించింది. చూపుడువేలు పక్కన చర్మం గట్టిపడి, కూర కలుపుకుంటే మంట పుట్టేది. అరిసెలు, లడ్డూలు, చలిమిడి ఆ బుట్టల్లో సర్ది పంపితే, మా పిన్నత్తగారు నలుగురిలో ఒక బుట్టను పైకెత్తి, "సారె ప్లాస్టిక్ బుట్టల్లో పెట్టారేమిటి వదినా, స్టీలు డబ్బాలకు కరువొచ్చిందా? ఫినిషింగ్ కూడా లేదు" అన్నారు. మా అమ్మ నవ్వి ఊరుకుంది. నేను కొత్త కోడలిని కనుక ఊరుకున్నాను. ఊరుకున్నానే కానీ మరిచిపోలేదు.

పోయిన ఏడాది సంక్రాంతికి అదే పిన్నత్తగారు మా ఇంటికి వస్తూ చేతికి ఒక బుట్ట తగిలించుకుని వచ్చారు. వైరు బుట్టే. ముడులు కూడా అవే. ఏదో ఎగ్జిబిషన్‌లో పద్దెనిమిది వందలు పెట్టి కొన్నారట. "హ్యాండ్‌మేడ్ అమ్మా, ఇప్పుడు అంతా ఇవే పట్టుకుంటున్నారు" అని నాకు వివరించారు. నాకు! మా అమ్మ అల్లిన బుట్ట అప్పుడు మా తలుపు వెనుక మేకుకు వేలాడుతోంది. వైరు కూడా ప్లాస్టిక్కే కదా అని నన్ను పట్టుకునేవారు ఉంటారు, నిజమే, పట్టుకోండి. కానీ ఆ బుట్ట 2011 నుంచి నేటి వరకు ప్రతి ఆదివారం ఎం.వి.పి. కాలనీ రైతు బజారుకు వెళ్లి ఐదారు కిలోల కూరలు మోసుకొస్తూనే ఉంది, ఒక్క ముడి జారలేదు. ఆ థర్మాకోల్ లైట్‌హౌస్ ఈ వినాయక చవితి వరకు నిలబడితే, దానికి మూడో బహుమతి కూడా నేనే ఇస్తాను.

నిన్న ఇంటికి వచ్చాక గిన్నెను వంటగది కిటికీలో బోర్లించి పెట్టాను. అడుగు మెత్తబడింది, టీ మరక పోలేదు. మా అమ్మాయి చాలాసేపు దానిని చూసి, మరక చుట్టూ తెల్లరంగుతో ఇంకో చుక్క పెడితే తప్పిపోయిన ముగ్గు కలుస్తుందని చెప్పి, నిజంగానే కలిపేసింది. ఈ ఉదయం ఇంకో గిన్నెకు దినపత్రిక చించుతోంది. మా వారు ఇంకా చదవని క్రీడల పేజీ కూడా చిరిగిపోయింది, దానికి ఇంట్లో మరో ఉపన్యాసం నడుస్తోంది.

అమ్మకు ఫోనులో ఇదంతా చెబితే, గిన్నె మాట వదిలేసి, "మెరూన్ వైరు ఇంకా ఒక కట్ట మిగిలే ఉందే" అంది. వచ్చే నెల మా పిన్నత్తగారి షష్టిపూర్తి. ఆ రోజు బహుమతి మంచి స్టీలు డబ్బాలో పెట్టి ఇస్తాను.