“కార్బన్ బ్లేడ్ వేస్తే చాలు” అనే సలహాలో తప్పులెన్ని?

ఆర్‌సీ (రేడియో కంట్రోల్‌తో నడిపే చిన్న) హెలికాప్టర్ ఎగరేసేవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. క్లుప్తంగా ఇదీ: పైన తిరిగే రోటర్‌కు కార్బన్ ఫైబర్ బ్లేడ్లే (రెక్కలే) కొనండి, ఎంత తేలికైతే అంత మేలు. కాస్త పొడవైనవి వేస్తే లిఫ్ట్ ఊరికే పెరుగుతుంది. ఫ్లైబార్‌లెస్ హెడ్‌కి (నిలకడనిచ్చే ఫ్లైబార్ కడ్డీ లేని రోటర్ మధ్యభాగానికి) ఏ బ్లేడైనా ఒకటే, జైరో (కదలికను పసిగట్టి సరిదిద్దే ఎలక్ట్రానిక్ పరికరం) చూసుకుంటుంది. జతగా అమ్మిన వాటికి బ్యాలెన్స్ చూడక్కర్లేదు. బ్లేడ్లు కదలకుండా వాటి బోల్టులు బిగించండి.

మొదటి ముక్కలో సగం నిజముంది. కార్బన్ గట్టిది, సులువుగా మెలిపడదు. అందుకే హెడ్ స్పీడ్ (రోటర్ తిరిగే వేగం) పెంచి 3డీ (గాల్లో పల్టీల విన్యాసాలు) చేసేటప్పుడు గ్రిప్ (బ్లేడ్‌ను పట్టుకునే భాగం) దగ్గర ఇచ్చిన పిచ్ (బ్లేడ్ వాలు కోణం) దాదాపు అలాగే బ్లేడ్ చివరి దాకా అందుతుంది. కానీ హోవర్ (గాల్లో ఒకేచోట నిలపడం) నేర్చుకుంటున్నవారికి ఈ గట్టిదనమే ఖర్చు తెచ్చిపెడుతుంది. నేలకు తగిలినప్పుడు చెక్క బ్లేడ్ తాను విరిగి దెబ్బలో చాలా భాగం మింగేస్తుంది. కార్బన్ బ్లేడ్ ఆ దెబ్బను ఫెదరింగ్ షాఫ్ట్‌కీ (రెండు గ్రిప్‌లనూ కలిపే ఇరుసు), మెయిన్ షాఫ్ట్‌కీ, మెయిన్ గేర్ పళ్లకీ పంపిస్తుంది. నేర్చుకునే దశలో తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటకుండా చెక్క లేదా ఫైబర్‌గ్లాస్ వాడటమే తెలివి. ఇంకో సంగతి: కార్బన్ లోపల పొరలు విడిపోయినా పైకి కనిపించకపోవచ్చు. నేలకో బూమ్‌కో (తోక గొట్టం) గట్టిగా తగిలిన బ్లేడ్‌ను జిగురు పెట్టి మళ్లీ వాడొద్దు, పారేయండి.

ఇక “తేలికైతే మేలు”. తేలిక బ్లేడ్ చురుగ్గా తిరుగుతుంది, నిజమే. కానీ బ్లేడ్ బరువే రోటర్‌కు ఫ్లైవీల్ (తిరుగుడు శక్తిని దాచుకునే చక్రం). మోటారు ఆగి ఆటోరొటేషన్‌లో (గాలికే తిరిగే రోటర్‌తో) దిగుతున్నప్పుడు నేలకు మీటరు ఎత్తున పిచ్ పెంచి ఆపేది అందులో దాచుకున్న శక్తే. తేలిక బ్లేడ్‌లో అది త్వరగా అయిపోతుంది, రెండోసారి సరిదిద్దుకునే వీలుండదు. ఆటోరొటేషన్ నేర్చుకునేవారు బరువైన వాటివైపే మొగ్గాలి.

పొడవు సంగతి లెక్కతోనే తేలిపోతుంది. 450 తరగతిలో (ఈ అంకె హెలికాప్టర్ సైజును తెలిపేది) మామూలుగా వేసేది 325 మి.మీ. బ్లేడ్. 335 వేసి హెడ్ స్పీడ్ అలాగే ఉంచితే, కావలసిన శక్తి సుమారు వ్యాసం ఐదో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, దాదాపు 15 శాతం ఎక్కువ లాగుతుంది. ఊరికే వచ్చిందేమీ లేదు, ఆ బిల్లు మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే సర్క్యూట్), బ్యాటరీ కడతాయి. అంతకంటే ముందు బ్లేడ్‌ను బూమ్ మీదుగా వెనక్కి తిప్పి, టెయిల్ బ్లేడ్‌ను దాని వైపు చాచి, రెండు కొనల మధ్య ఖాళీ చూడండి. తాకేలా ఉంటే ఆ పొడవు మీ మోడల్‌ది కాదు. బ్లేడ్ పొడవంటే బోల్టు రంధ్రం మధ్య నుంచి కొన దాకా. చివర నుంచి చివరకు కొలిచి తప్పు సైజు తెప్పించుకునేవాళ్లు చాలామంది. బ్లేడ్ మొదలు (బోల్టు వైపు) మందం గ్రిప్ సందు కంటే తక్కువైతే వాషర్లు రెండు వైపులా సమానంగా వేయాలి. 4 మి.మీ. రంధ్రంలో 3 మి.మీ. బోల్టు పెట్టి సరిపెట్టుకోవద్దు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది జైరో మాట. తిరుగుతున్న బ్లేడ్ పిచ్ తగ్గించుకుని చదునుగా ఉండాలని చూస్తుంది. వెడల్పూ బరువూ పెరిగేకొద్దీ ఆ బలం పెరుగుతుంది. ఫ్లైబార్ హెడ్‌లో సైక్లిక్ (హెలికాప్టర్‌ను ఏదో వైపు వంచడానికి పిచ్ మార్చే) భారంలో కొంత ఫ్లైబార్ మోస్తుంది. ఫ్లైబార్‌లెస్‌లో మొత్తం సర్వోల (పిచ్ మార్చే చిన్న మోటార్ల) మీదే పడుతుంది. అందుకే ఫ్లైబార్‌లెస్ బ్లేడ్లలో బోల్టు రంధ్రం, గురుత్వ కేంద్రం వేరే లెక్కతో అమరుస్తారు. ఫ్లైబార్‌కని చేసిన చురుకైన బ్లేడ్ వేస్తే సర్వోలు వేడెక్కుతాయి, పిచ్ గట్టిగా ఇచ్చినప్పుడు హెడ్ తడబడుతుంది. జైరో గెయిన్ (స్పందన తీవ్రత) తగ్గిస్తే లక్షణం దాగుతుంది, జబ్బు పోదు. పైగా బ్లేడ్ల వణుకు జైరో సెన్సర్‌కు చేరితే అది దాన్ని కూడా కదలికే అనుకుంటుంది.

ఆ వణుకు ఎంతో చూడండి. 700 తరగతి బ్లేడ్ సుమారు 180 గ్రాములు. 2,000 ఆర్‌పీఎం దగ్గర, గురుత్వ కేంద్రం షాఫ్ట్ నుంచి 40 సెం.మీ. దూరంలో ఉందనుకుంటే, ఒక్కో గ్రిప్‌ను బయటికి లాగే బలం 300 కిలోల పైమాటే. రెండింటి మధ్య 1 గ్రాము తేడా ఉంటే దాదాపు 1.8 కిలోల బలం సెకనుకు 33 సార్లు షాఫ్ట్‌ను చుట్టూ గుంజుతుంది. జతగా ప్యాక్ చేసినవైనా ఇంట్లో చూసుకోవాల్సిందే.

బ్యాలెన్స్ చూసే పద్ధతి ఇది. ముందు ట్రాకింగ్ (రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా అన్నది) చూడటం కోసం రెండు కొనలకూ ఒకే సైజు టేపు, వేర్వేరు రంగులవి, అంటించండి. ఒక్కో బ్లేడ్‌ను గుండ్రటి పెన్సిల్ మీద అడ్డంగా నిలిపి, నిలిచిన చోట గీత పెట్టండి. రెండింటి గీతలూ బోల్టు రంధ్రం నుంచి ఒకే దూరంలో లేకపోతే, గీత మొదలుకు దగ్గరగా ఉన్నదాని కొనకు టేపు చుట్టి సరిచేయండి. ఆ తర్వాతే 0.1 గ్రాము చూపే తూకంపై బరువు చూడాలి. తేలికదానికి ఆ గీత మీదే టేపు వేస్తే కేంద్రం కదలదు. వరుస తిప్పేస్తే, బరువు సరిచూశాక కేంద్రం మారి పని మళ్లీ మొదటికొస్తుంది. టేపును ముందు అంచు మీదుగా చుట్టండి, లేకపోతే గాలికి లేస్తుంది.

బ్యాలెన్స్ అయ్యాక కూడా తిరిగేటప్పుడు రెండు రంగులు వేరువేరు ఎత్తుల్లో కనిపిస్తే అది ట్రాకింగ్ లోపం. కనీసం 8 మీటర్ల దూరం నుంచి చూసి, రోటర్ ఆపాక, కిందున్న బ్లేడ్ పిచ్ పెరిగే వైపు దాని లింక్‌ను (పిచ్ మార్చే కడ్డీ కొన) సగం చుట్టు తిప్పి మళ్లీ చూడండి.

బోల్టుల సలహా పూర్తిగా తలకిందులు. బ్లేడ్ తిరిగేటప్పుడు తన వరుసకు తానే వచ్చి నిలవాలి. కదలకుండా బిగిస్తే వంకరగానే నిలిచిపోయి, చేసిన బ్యాలెన్స్ అంతా వృథా అవుతుంది. మరీ వదులైతే స్పూల్ (రోటర్ వేగం అందుకోవడం) మొదట్లో వెనక్కి మడిచి బూమ్‌ను కొట్టొచ్చు. హెలికాప్టర్‌ను పక్కకు పడుకోబెట్టి పట్టుకోండి: బ్లేడ్లు తమ బరువుకు జారకూడదు, చిన్నగా కుదిపితే మాత్రం కదలాలి.