ఐఈఎల్‌టీఎస్‌తోనే అయిపోదు

బ్రిటన్‌లో నర్సుగా చేరడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష పాసైతే చాలన్నట్టు కొందరు రాస్తున్నారు. రైటింగ్‌లో 6.5, మిగతా వాటిలో 7 తెచ్చుకున్నాక కూడా అక్కడి నర్సుల నియంత్రణ మండలి ఎన్‌ఎంసీ రిజిస్టర్‌లో పేరెక్కాలంటే ఇంకా కంప్యూటర్ పరీక్ష, ఓస్కీ అనే ప్రాక్టికల్ ఉంటాయండి. ఓస్కీ బ్రిటన్‌లోనే రాయాలి, మొత్తం 10 స్టేషన్లు, అంటే ఒక్కో పనికి ఒక్కో విభాగం. మా చెల్లెలు ఏళ్ల తరబడి ఐసీయూలో చేసింది. అయినా మందు ఇచ్చే ముందు పేషెంట్ పేరు, పుట్టిన తేదీ, అలర్జీలు పైకి అడగడం ఈ పరీక్ష కోసం రోజూ మాతో ప్రాక్టీస్ చేసేది. మనసులో సరిచూసుకుంటే అక్కడ లెక్కలోకి రాదట.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఉద్యోగం ఇప్పించినందుకు నర్సుల దగ్గర ఏజెన్సీ ఫీజు తీసుకోకూడదని బ్రిటన్ ప్రభుత్వ నియమావళిలోనే ఉంది. లక్షలు అడిగేవాళ్లకు దయచేసి రూపాయి కూడా కట్టకండి.