సికిల్ సెల్ ఉన్నవారికి ఎండాకాలంలో భయం లేదా? ఒక సందేశానికి ఖండన

సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి చలికాలమే గడ్డుకాలమనీ, ఎండలకు రక్తం పలచబడుతుంది కనుక అప్పుడు నొప్పులు రావనీ, దాహమైనప్పుడు నీళ్లు తాగుతూ మూత్రం తేటగా వస్తోందో లేదో చూసుకుంటే చాలనీ, ఒళ్లు కాలితే చన్నీటి స్నానం చేసి నొప్పి ఉన్నచోట ఐసు పెట్టాలనీ, వేసవిలో వచ్చే జ్వరం వడ తగిలి వచ్చినదేననీ చెప్పే సందేశం ఒకటి విస్తృతంగా చలామణీలో ఉంది. చలి రక్తనాళాలను కుదించి నొప్పులను రేపగలదన్న మాట ఒక్కటే ఇందులో నిజం. మిగిలినవి నమ్మితే ప్రమాదం.

ఎండకు రక్తం పలచబడదు. చెమటతో నీరు పోయినకొద్దీ రక్తం చిక్కబడుతుంది, ఎర్ర రక్తకణాల లోపలి నీరు కూడా తగ్గుతుంది. ఈ వ్యాధిలో, హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ అనే ప్రోటీన్ గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటుంది; అలా మారిన హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను విడిచిన తరువాత పోగులుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచుతుంది. అలా వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడటం వల్లే నొప్పులు వస్తాయి. కణంలో దాని గాఢత కొద్దిగా పెరిగినా ఈ పేరుకోవడం ఎన్నో రెట్లు వేగం పుంజుకుంటుంది కనుక, నీరు తగ్గడమే నొప్పులకు నేరుగా దారితీస్తుంది.

సందేశంలో అన్నిటికన్నా హానికరమైనది మూత్రం రంగు చూసుకోమన్న సలహా అని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఆరోగ్యవంతులకు సరైనదే కావడం వల్ల ఎవరికీ అనుమానం రాదు. మూత్రపిండాల లోపలి పొరలో ఆక్సిజన్ తక్కువ, లవణాల గాఢత ఎక్కువ. కణాలు వంగిపోవడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. అక్కడి సన్నని రక్తనాళాలు చిన్నతనంలోనే దెబ్బతిని, నీటిని వెనక్కి పట్టి ఉంచే శక్తి తగ్గిపోతుంది. ఆరోగ్యవంతుల మూత్రం అవసరమైతే కిలోకు సుమారు 1,200 మిల్లీఆస్మోల్స్ (కరిగి ఉన్న పదార్థాల గాఢతకు కొలత) వరకు చిక్కబడగలదు. వీరిలో అది చాలాసార్లు 400, 450 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒంట్లో నీరు చాలకపోయినా మూత్రం తేటగానే, ధారాళంగానే వస్తుంది. మరోవైపు, ఎర్ర రక్తకణాలు త్వరత్వరగా చితికిపోవడం వల్ల పుట్టే వర్ణకాలు, నీరు సరిపడా ఉన్నప్పుడు కూడా మూత్రాన్ని ముదురు రంగులోకి మార్చవచ్చు. కాబట్టి ఆ రంగును నమ్మి నిర్ణయానికి రాకూడదు. ఈ వ్యాధి ఉన్న పిల్లలు పక్క తడపడానికీ తరచూ ఇదే కారణం. మందలించి సాయంత్రం నుంచి నీళ్లు మాన్పించే పెద్దలు, తెలియకుండానే వారిని నొప్పుల వైపు నెడుతున్నారు. దాహం కోసం ఎదురుచూడకుండా రోజంతా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి, చెమట బాగా పట్టిన రోజున ఓఆర్ఎస్ కూడా తీసుకోవాలి. మూత్రపిండాలు, గుండె ఇప్పటికే దెబ్బతిన్నవారికి మాత్రం ఎంత తాగాలో వైద్యులే నిర్ణయించాలి.

చన్నీటి స్నానం సంగతి చూస్తే, కాగిన ఒంటిపై చల్లటి నీరు ఒక్కసారిగా పడితే రక్తనాళాలు చటుక్కున ముడుచుకుంటాయి, నొప్పి మొదలవడానికి అదే చాలు. ఎండలోంచి నేరుగా బాగా చల్లబరచిన గదిలోకి వెళ్లడంలోనూ ఇదే ఇబ్బంది ఉంది. నీడకు చేరి, గోరువెచ్చని నీటితో ఒళ్లు తుడుచుకుని నెమ్మదిగా చల్లబడాలి. నొప్పి ఉన్నచోట ఐసు కాదు, కాపడం పెట్టాలి. అయితే శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి మనిషి తికమకపడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. అప్పుడు ఈ సంకోచాలన్నీ పక్కనబెట్టి, ఆసుపత్రికి చేరేలోగానే ఒంటిని చల్లబరచాలి.

ఇక జ్వరం. ఈ వ్యాధి తీవ్రరూపంలో ఉన్నవారిలో రక్తంలోని సూక్ష్మజీవులను వడగట్టే ప్లీహం బాల్యంలోనే పనిచేయడం మానేస్తుంది, అందువల్ల న్యూమోకాకస్ వంటి బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే రక్తమంతా వ్యాపించి ప్రాణం మీదికి తేగలదు. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్, అంటే 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే, బయట ఎండ ఎంత మండుతున్నా అది వడ వల్లే వచ్చిందని ఇంట్లో తేల్చుకోకూడదు. పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, సికిల్ సెల్ ఉందన్న మాట ముందుగా చెప్పాలి. జ్వరంతో పాటు దగ్గు, ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే ఊపిరితిత్తుల్లో రక్తప్రసారం అడ్డగించబడుతోందేమో కూడా వైద్యులు అదే సమయంలో పరీక్షిస్తారు.