కొమ్ము పోతే పోయింది, ప్రాణం దక్కనీ

కొమ్ముల కోసం వేటగాళ్లు చంపకుండా ఖడ్గమృగాల కొమ్ములు మనమే ముందే కోసేయడం క్రూరత్వం కాదా అని ఒక వ్యాసంలో అడిగారు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ కొమ్ములో ఉండేది మన గోళ్లలో ఉండే కెరటినే. మత్తు ఇచ్చి, కళ్లకు గంతలు కట్టి, మొదలు వదిలేసి పైభాగం రంపంతో కోస్తారు. మళ్లీ పెరుగుతుంది. వేటగాళ్లయితే మొహంలోకంటా నరికేస్తారు, కొన్నిసార్లు ప్రాణం ఉండగానే. అలాంటి ఫొటో ఒకటి చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దక్షిణాఫ్రికాలో 2014 ఒక్క ఏడాదే 1,215 ఖడ్గమృగాలను చంపేశారు. అక్కడి క్రూగర్ జాతీయ పార్కు చుట్టుపక్కల కొమ్ములు కోసిన చోట వేట 78 శాతం తగ్గిందని 2025లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మిగిలిన ఆ మొదలు కోసం కూడా చంపేవాళ్లున్నారు, నిజమే. అందుకే రేంజర్ల కాపలా ఆపకూడదు. కెన్యాలో 2018లో సుడాన్ అనే చివరి మగది చనిపోయాక ఉత్తర తెల్ల ఖడ్గమృగాల్లో మిగిలింది తల్లీకూతుళ్లు నాజిన్, ఫాతు ఇద్దరే.