బామ్మ ఫోనూ, కోడిపందెం వీడియో

అమలాపురం దగ్గర ఒకింట్లో కనుమ రాత్రి కుదిరిన సంబంధానికి పెళ్ళిళ్ళ పేరయ్య రౌటరే.

బామ్మ డాలస్‌లో ఉన్న మనవరాలికి వీడియో కాల్ చేసింది. "టిఫిను చేశావటే?" ఉలుకూ పలుకూ లేదు. "సరేగానీ, ఆ కాకినాడ సంబంధం ఖాయం చేసెయ్యమంటావా?" మాట పూర్తవుతూనే ఫోన్లోంచి ఖంగుమని, "ఆఁ, ఎప్పుడో!" అది టిఫిను జవాబు. బామ్మ అప్పటికే పంతులుగారికి కబురు పంపేసింది.

పక్కగదిలో కొత్తల్లుడుగారు పందెం వీడియో ఎక్కిస్తున్నారు, 2 జీబీ. పైకెళ్ళే దారి (అప్‌లోడు) 10 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 10 మెగాబిట్లు. గోడకున్న మోడెం డబ్బాలో బఫరు (వెళ్ళాల్సిన డేటా వరసలో ఆగే చోటు) 2.5 ఎంబీ, అంటే 20 మెగాబిట్లు. ఖాళీ అవడానికి 2 సెకన్లు. డేటాని పంపే పద్ధతి టీసీపీ; మామూలు టీసీపీకి ప్యాకెట్టు (డేటా పొట్లం) పోతేనే రద్దీ తెలిసేది, కాబట్టి బఫరు నిండేదాకా తోస్తూనే ఉంటుంది. బామ్మ మాట 200 బైట్ల పొట్లం. దాని ముందు 1500 బైట్ల బస్తాలు పదహారు వందల పైచిలుకు!

"ప్లాన్ పెంచేద్దాం బావగారూ" అన్నాడు బావమరిది. పెంచితే అల్లుడుగారి వీడియో అదీ నింపుతుంది. కాలువ వెడల్పు చేసినా పై తూములవాళ్ళు తోడేసుకుంటే శివారు చేలకి చుక్క దక్కదని డెల్టాలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? వంతులు పెట్టాలి. ఎవరి వరస వాళ్ళకిచ్చి, వంతులవారీగా వదలమని నెట్‌వర్కుల ఇంజినీరు జాన్ నేగల్ 1985లోనే రాశాడు.

రౌటరులో ఎస్‌క్యూఎం (వరసల్ని అదుపుచేసే సెట్టింగు) ఆన్ చేసి, అప్‌లోడు 9 ఎంబీపీఎస్‌కి కట్టాలి. పూర్తి 10 ఇస్తే వరస మళ్ళీ గోడ డబ్బాలోనే పేరుకుంటుంది, మన లస్కరు, అంటే రౌటరు, చేతికి రాదు. అందులో ఎఫ్‌క్యూ-కోడెల్ అనే వంతుల పద్ధతి ఎంచుకుంటే 1024 వరసలు, కనెక్షనుకో వరస. సన్నగా పారే బామ్మ మాట ముందు పోతుంది. ఏ వరసలోనైనా ప్యాకెట్లు ఆగే సమయం 5 మిల్లీసెకన్లకి దిగకుండా 100 మిల్లీసెకన్లు గడిచిందా, ఒక ప్యాకెట్టు పారేస్తుంది. టీసీపీ వెంటనే తగ్గుతుంది.

ఇక్కడో తిరకాసు. బావమరిది అప్‌లోడ్ యాప్ 16 కనెక్షన్లు తెరిచి 16 వంతులు కొట్టేసింది. ఒక్క చేనుకి పదహారు తూములన్నమాట! దీనికి మందు కేక్ అనే ఇంకో వంతుల పద్ధతి: మనిషికో వంతు, అంటే ఫోనుకో వంతు. అందులో నాట్ (ఇంటి ఫోన్లన్నీ బయటికి ఒకే చిరునామాతో వెళ్ళే ఏర్పాటు) ఆప్షను పెట్టడం మరిచిపోతే ఇల్లంతా ఒకే చిరునామాగా కనబడుతుంది, వ్రతం చెడుతుంది.

అన్నీ సర్దాక వీడియో ఎక్కుతుండగానే బామ్మ మళ్ళీ చేసింది. "సంబంధం ఖాయమేగా?"

"వద్దన్నానుగా బామ్మా!" రెప్పపాటులో, స్పష్టంగా.

బామ్మ అల్లుడివైపు తిరిగింది. "ఆ పెట్టిందేదో తీసెయ్ బాబూ. ఇందాకే బాగుంది."