జబ్బు పడటానికీ ఓ పద్ధతి ఉంది

ఇరవై రెండేళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. బాధతోనే ఈ మాట రాస్తున్నాను: ఈ కాలం పిల్లలకు జబ్బు పడటం కూడా సరిగ్గా చేతకావడం లేదు.

రూలు ఏమంత గడ్డు వ్యవహారం కాదు. జేఎన్‌టీయూ పద్ధతిలో హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన ఆధారం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే హాజరు మినహాయింపు, తెచ్చుకోవచ్చు. 65 కంటే తగ్గితే డిటెయినే, సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు. బుద్ధిమంతుడైన విద్యార్థి తన టైఫాయిడ్‌ను ఆ పది శాతంలోనే సర్దుకుంటాడు. మొన్న ఒకమ్మాయి డెంగీతో ఆస్పత్రిలో చేరి, 63.8 దగ్గర తేలింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని వాళ్ల నాన్నగారు రిపోర్టులు చూపించారు. "ప్లేట్‌లెట్లదేముందండీ, మళ్లీ పెరుగుతాయి. పర్సంటేజీ పెరుగుతుందా?" అన్నాను. ఆయన రిపోర్టులన్నీ మడిచి కవర్లో పెట్టుకుని వెళ్లిపోయారు. పెద్దమనిషి, అర్థం చేసుకున్నట్టున్నారు.

అదే సెక్షన్లో వెనక బెంచీ కుర్రాడొకడున్నాడు. వాడు తెచ్చిన సర్టిఫికెట్ చూసి తీరాలి. లెటర్‌హెడ్డు, గుండ్రటి స్టాంపు, కింద అందమైన సంతకం. కామెర్లట. తేదీలు మా రిజిస్టరుతో ఒక్క రోజు కూడా తేడా లేకుండా సరిపోయాయి. ఆదివారాలు, రెండో శనివారం జబ్బు లేదు. నడుమ క్రికెట్ టోర్నమెంటుకు కాలేజీ తరఫున ఆడిన రెండు రోజులూ లేదు. ఇంత క్రమశిక్షణ గల కామెర్లను నా సర్వీసులో చూడలేదు. అక్కడికక్కడే సంతకం పెట్టాను.

ఇక కంటికి కనబడని జబ్బుల సంగతి. కాలికి సిమెంటు కట్టు ఉంటే జబ్బు, లేకపోతే నాటకం అని స్టాఫ్‌రూమ్‌లో ఎప్పుడో తేల్చేశాం. మొన్న మిడ్ పరీక్షలో ఒకమ్మాయి లేచి, చేతులు వణుకుతున్నాయి సార్, ఊపిరాడటం లేదు, కాసేపు బయట కూర్చుంటానంది. "టెన్షన్ నీ ఒక్కదానికేనా అమ్మా? కాలేజీకి గ్రేడు వేసే నాక్ (NAAC) టీమ్ వచ్చినప్పుడు నాకు లేదూ? నేనెవరికైనా చెప్పానా?" అన్నాను. నిజానికి ఆ వారమంతా బీపీ మాత్ర డబుల్ వేసుకున్నాను. చెప్పలేదు, అంతే.

కొందరైతే చట్టం తెచ్చి టేబుల్ మీద పెడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయట. డిస్లెక్సియా, మానసిక అనారోగ్యం, తలసీమియా కూడా అందులోవేనట. పరీక్షలో అదనపు టైము, చెబితే రాసిపెట్టే మనిషి కావాలట. రాస్తుంటే చెయ్యి కొంకర్లు పోయే ఒక సివిల్స్ అభ్యర్థికి, వైకల్యం 40 శాతం లేకపోయినా స్క్రైబ్ ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పిందని ఒక కుర్రాడు తీర్పు ప్రింటవుట్ తీసుకొచ్చాడు. ఓపిగ్గా చదివి తిరిగిచ్చాను. "అది సుప్రీంకోర్టు నాయనా. ఇది సి బ్లాకు."

నాకు దయ లేదనుకోకండి. రెండేళ్ల కిందట నాకు నడుం పట్టేసింది. ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్లి "నడుం సార్" అన్నాను. అంతే, సర్టిఫికెట్ ఊసే రాలేదు. సాయంత్రానికల్లా నా క్లాసులన్నీ కింది అంతస్తుకు మారిపోయాయి, కుర్చీలోకి దిండొచ్చింది. ల్యాబును మూడో అంతస్తు నుంచి దించడం కుదరదు గనక స్టాఫ్ లిఫ్టు తాళం నా చేతికిచ్చారు. దీన్ని వెసులుబాటు అనకూడదు. సర్దుబాటు అనాలి.

నిన్న ల్యాబుకు వెళ్తుంటే మెట్ల దగ్గర ఒక కుర్రాడు, చంకలో కర్రలు, మోకాలి దాకా కట్టు. ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కుతున్నాడు. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే వాడికి వినబడేలా గట్టిగా చెప్పాను: "తొందరగా రా నాయనా, ఐదు నిమిషాలు దాటితే ఆబ్సెంట్ వేస్తాను."