మా బావ కుట్టు మిషన్ బాగుచేసిండు

సంక్రాంతికి అల్లుడు ఇంటికొస్తే ఆయనకు ఉండే డ్యూటీ ఏంది, సకినాలు తినుడు, మటన్ తినుడు, నడుమ నడుమ పండుడు. కానీ మా బావకు చేతులు ఊకుండవు, పైగా ఈ మధ్య ఫోన్ల పాత ఇనుప సామాను తోమి తళతళ మెరిపించే వీడియోలు తెగ చూస్తుండు, ఆయన కన్ను వరండల ఉన్న అమ్మ సింగర్ మిషన్ మీద పడ్డదంటే ఇగ ఆపేటోడెవడు.

ఆ మిషన్ మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల పనిచేసినప్పుడు పైస పైస దాచి కొన్నది. నల్లటి బాడీ, దాని మీద బంగారు రంగు తీగలు, కింద ఇనుప పెడల్, చెక్క టేబుల్, రెండు దిక్కుల సొరుగులు. దుమ్ము పట్టిన మాట నిజమే, తొక్కితే లొడలొడ చప్పుడు చేసే మాట నిజమే, కానీ మొన్ననే అమ్మ దాని మీద దిండు గలీబులు కుట్టింది. అంటే దానికి ఏ రోగం లేదు.

"అరేయ్, మంచిగనే నడుస్తుందని మీ బావకు చెప్పరాదురా" అన్నది అమ్మ నాతోని. "కొత్తదాని లెక్క చేసిస్తనని అత్తమ్మకు చెప్పు" అన్నడు బావ, అదీ నాతోనే. ఇద్దరి మధ్య మూడడుగులు లేవు, నడుమ నేను పోస్టుమాన్. అల్లునికి ఎదురు చెప్పొద్దనే రూల్ మా ఇంట్ల రాజ్యాంగం కంటే గట్టిది.

నాలెడ్జ్‌కు మాత్రం ఏం తక్కువ లేదు. "సింగర్ అనేటాయన 1851 ల పేటెంట్ తీసుకున్నడురా, సీరియల్ నంబర్ ముంగట అక్షరం చూస్తే ఏ ఫ్యాక్టరీదో తెలుస్తది, మనది స్కాట్లాండ్ల క్లైడ్‌బ్యాంక్‌ది, ఆ ఫ్యాక్టరీ 1980 లనే మూతపడ్డది, ఇసొంటి పీస్ మళ్ల దొరకదు" అని చెప్పుకుంటనే వడ్లాయన దగ్గర అడిగి తెచ్చిన, చెక్క గీకి నున్నగ చేసే సాండర్ ఆన్ చేసిండు.

ఇక్కడ చిన్న ముచ్చట చెప్పాలె. పాత మిషన్ టేబుల్స్ చూస్తే మొత్తం టేకే అనిపిస్తది గానీ చానా వాటికి పైన అందమైన చెక్క రేకు అతికించి ఉంటది, అది మిల్లీమీటర్ మందం కూడ ఉండదు. చేత్తోని సన్న గరుకు కాగితం పెట్టి మెల్లగ రుద్దాలె, మీద పాలిష్ వరకే. సాండర్‌కు ఆ సంగతి తెల్వదు, బావకు అసలే తెల్వదు. ఐదు నిమిషాలల్ల టేబుల్ నడిమిట్ల అరచెయ్యంత తెల్లమచ్చ లేచింది. బావ దాని దిక్కు చూసి "నాచురల్ ఫినిష్" అన్నడు. అమ్మ నా దిక్కు చూసి "చాయ్ తాగుతడేమో అడుగు" అన్నది.

లక్క పాలిష్ కలుపుదామని స్పిరిట్ సీసా తెచ్చి పెట్టుకున్నడు గద, ఇంత మిగిలింది. ఊకె ఎందుకు పోవాలె అని దూది ముంచి మిషన్ బాడీ తుడుచుడు షురూ చేసిండు. నల్లరంగు అద్దం లెక్క వచ్చింది, మేం కూడ శబాష్ అన్నం. తర్వాత దూది చూస్తే బంగారం! ఆ తీగలకు పైన రక్షణగ ఉండేది లక్క పూతే, స్పిరిట్ తగిలితే అది కరుగుతది, దాని ఎంబడి పూలూ పోతయ్. కొంచెం మిషన్ ఆయిల్ గుడ్డకు రాసి తుడిస్తే అయిపోయే పని. సింగర్ అనే పేరుల ముందు అక్షరాలు లేచిపోయి వెనక "గర్" మిగిలింది.

రాత్రి ఆయిల్ పోద్దామంటే ఇంట్ల మిషన్ ఆయిల్ లేదు. కొబ్బరినూనె ఉన్నది, చలికి సీసాల గడ్డకట్టి ఉన్నది, దాన్ని పొయ్యి మీద వేడిచేసి ఉన్న రంధ్రాలన్నిట్ల పోసిండు. నేను నోరు తెరిస్తే అమ్మ కాలు తొక్కింది. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి పోతే గడ్డకడతది, జనవరిల వరంగల్ల తెల్లారగట్ల ఎట్ల ఉంటదో మనకు తెల్వదా. పొద్దుగాల చక్రం తిప్పితే ఇంచు కదలలే.

దాంతోని బావ చక్రం ఊడదీసిండు. మళ్ల బిగించినంక గిర్రున తిరిగింది. "చూసినవా ఎంత ఫ్రీ అయిందో!" అని బావ ముఖం వెలిగిపోయింది. చక్రమైతే ఫ్యాన్ లెక్క తిరుగుతుంది గానీ సూది మాత్రం ఉన్న కాడనే ఉన్నది. అక్క లోపట్నుంచి వచ్చి చూసి, ఏం అనకుంట లోపటికి పోయింది, పెళ్లైనంక మస్తు ఓపిక వచ్చింది దానికి.

ఇగ తప్పదని మిషన్ హెడ్ ఊడదీసి గోనె సంచిల మూట కట్టి, ఆటోల అమ్మ, బావ, నేను, నా తొడల మీద ఆ ఇనుప బరువు, మండిబజార్ల పాత మెకానిక్ చాచా దగ్గరికి పోయినం. చాచా కళ్లద్దాలు పెట్టుకుని చక్రం మీది పెద్ద స్క్రూ విప్పిండు, లోపట ఒక వాషర్, మూడు చెవులు బయటికి, రెండు చిన్నయి లోపటికి. ఆ చిన్న చెవులు బయటి దిక్కు వంగి ఉండాలె, మా వాళ్లు తిప్పి పెట్టిండ్రు, అందుకే చక్రం పట్టుకుంటలేదు. అది సరిచేసి, కిరోసిన్ పోసి నూనె జిడ్డంత కడిగి, అసలు ఆయిల్ చుక్క చుక్క వేసిండు. సూది టకటక ఆడింది. అప్పుడు బాడీ మీద చెయ్యి పెట్టి నిమిరి, ఆ "గర్" చూసి తలెత్తిండు.

"కౌన్ కియా రే యే కామ్?"

షాప్ల చప్పుడు లేదు. బావ గోడకున్న క్యాలెండర్ చదువుతుండు. అమ్మ కొంగు సర్దుకుని, అసలు జంకులేకుంట, నన్ను చూపెట్టింది. "మా పోరడే చాచా. అన్నిట్ల వేలు పెడతడు."

చాచా అందుకున్నడు ఇగ. స్పిరిట్ గురించి, కొబ్బరినూనె గురించి, ఈ కాలం పిల్లల గురించి, ఫోన్ల గురించి. నేను తలకాయ వంచుకుని నిలబడ్డ. పక్కనుంచి బావ మెల్లగ దగ్గరికొచ్చి, నా భుజం మీద చెయ్యేసి చాచాతోని అంటుండు, "నేను ముందే చెప్పిన చాచా, వింటడా?"